"నీ దేవుడు ఏమయ్యాడు?" అని అయినవాళ్లే నవ్వుతుంటే

ప్రశ్న: మా ఆయన నడిపిన చిన్న వ్యాపారం 8 నెలల క్రితం మూతపడింది. అప్పులు మిగిలాయి. అందులో కొంత మా బావగారి దగ్గర తీసుకున్నది. అప్పటి నుంచి నలుగురూ కలిసినప్పుడల్లా మా తోడికోడలు "ఇంకా ప్రార్థన చెయ్యి, పైనుంచి డబ్బులు రాలతాయి" అంటుంది. అందరూ నవ్వుతారు. వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన బైబిల్ వాక్యం కింద నవ్వు బొమ్మలు పెడతారు. 14 ఏళ్ల మా బాబు ఇవన్నీ చూస్తున్నాడు. ఒకరోజు తట్టుకోలేక నేనూ నోటికొచ్చినట్టు అనేశాను. తర్వాత రెండు రోజులు ముద్ద దిగలేదు. మా ఆయన "పట్టించుకోకు" అంటారు. ఊరుకుంటే చేతకానితనమా? జవాబిస్తే నా విశ్వాసానికి నేనిచ్చే సాక్ష్యం పోయినట్టా? దేవుడే మమ్మల్ని శిక్షిస్తున్నాడా? వచ్చే నెల వాళ్లింట్లో శుభకార్యం ఉంది. వెళ్లాలంటేనే గుండె దడ.

జవాబు: అమ్మా, మీరు మూడోదిగా అడిగిన ప్రశ్నే మిమ్మల్ని లోలోపల ఎక్కువగా తినేస్తోందని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ముందు దాని సంగతి చూద్దాం. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి "ఎవరు పాపం చేస్తే ఇలా పుట్టాడు, వీడా, వీడి తల్లిదండ్రులా?" అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు (యోహాను 9). ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచి "నీ పాపం వల్లే ఇదంతా" అని మొదలుపెట్టాకే చెడిపోయారు. చివరికి, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదని దేవుడే వాళ్లతో అన్నాడు. కాబట్టి మీ వ్యాపారం ఎందుకు మూతపడిందో లెక్కల పుస్తకంలో వెతకండి. అరువు ఎక్కువ ఇచ్చారా, వడ్డీ భారమైందా, గిరాకీ తగ్గిందా? అక్కడ తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. "దేవుడు కక్ష కట్టాడు" అనుకుంటే దిద్దుకోవడానికేమీ మిగలదు, భయం తప్ప.

ఇక ఎగతాళి సంగతి. మొదటి సమూయేలు మొదటి అధ్యాయం మీకు కొత్త కాదు. ఈసారి మాత్రం హన్నా ఎవరితో ఏం మాట్లాడింది, ఎవరితో మాట్లాడలేదు అన్నది గమనిస్తూ చదవండి. సవతి పెనిన్నా, పిల్లలు లేరని ఆమెను ఏటేటా దెప్పిపొడుస్తూనే ఉంది. హన్నా ఏడ్చింది, భోజనం మానేసింది. కానీ పెనిన్నాకు ఆమె ఇచ్చిన జవాబు ఒక్కటి కూడా అక్కడ రాసిలేదు. అదే హన్నా మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తుంటే, తాగి వచ్చిందనుకుని యాజకుడు ఏలీ గద్దించినప్పుడు ఊరుకోలేదు. మర్యాదగానే, "కాదు అయ్యా, నేను ద్రాక్షారసం గానీ మద్యం గానీ తాగలేదు, నా ప్రాణాన్ని దేవుని ముందు కుమ్మరిస్తున్నాను" అనే అర్థంలో సూటిగా చెప్పింది. వినే ఉద్దేశం లేని మనిషి దగ్గర మౌనం. పొరపాటు పడినా వినగలిగే మనిషి దగ్గర వివరణ. రెంటికీ ముందు, దేవుని దగ్గర దాపరికం లేని కుమ్మరింపు. ఇంకో సంగతి. ఆమె ముఖం తేటపడింది బిడ్డ పుట్టాక కాదు. ఆ రోజే, ఇంకా చేతికి ఏమీ రాకముందే, లేచి వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత దుఃఖముఖిగా లేదు అని 18వ వచనం చెబుతుంది.

మీరు పొరపాటు పడుతున్నది ఈ కుమ్మరించే దగ్గరే అనిపిస్తోంది. దేవుని దగ్గర పద్ధతిగా, అందంగా ప్రార్థించి, లోపలి మంటను అలాగే మోసుకుంటూ మనుషుల మధ్యకు వెళ్తున్నాం మనలో చాలామందిమి. అది ఎక్కడో ఒకచోట పొంగుతుంది. మీరు నోరు జారిన రోజు జరిగింది ఇదే. రోజుకు 15 నిమిషాలు, తలుపు వేసుకుని, మీ తోడికోడలు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు దేవునికి చెప్పండి. "నన్ను కించపరిచారు" అని మెత్తబరచకండి. ఏ మాట, ఎవరి ముందు, అప్పుడు బాబు ముఖం ఎలా ఉంది, అన్నీ చెప్పండి. తర్వాత ఈ ఒక్క రోజుకు కావలసింది ఒక్కటి అడగండి. చివర "ఈ సంగతి నా చేతిలో లేదు, నీకు వదిలేస్తున్నాను" అని ఆ సంగతి పేరు పెట్టి చెప్పి లేవండి. ఆరు వచనాల 13వ కీర్తన నడిచేది ఇదే వరుసలో: రెండు వచనాలు "ఎంతకాలం" అన్న మొర, రెండు వచనాలు విన్నపం, చివరి రెండు నమ్మకం. మొరను దాటేసి నమ్మకానికి దూకితే ఆ నమ్మకం నాలుక మీదే ఉంటుంది. "నీ దేవుడు ఏమాయెను" అన్న మాట 42వ కీర్తనలో రెండుసార్లు వస్తుంది. మీరు పడుతున్న మాట ప్రార్థనగా ఎప్పుడో రాసిపెట్టి ఉందమ్మా.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ప్రార్థన చేస్తూ చేస్తూనే మనసు పోట్లాటను మళ్లీ మొదటి నుంచి ఆడించుకుంటుంది. గుర్తు ఏమిటంటే, ఆమెకు ఇవ్వాల్సిన మంచి మంచి జవాబులు అప్పుడే తడుతుంటాయి. అలాంటప్పుడు ఆపి కాగితం తీసుకోండి. అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా మందిరంలోకి తీసుకెళ్లి దేవుని ముందు విప్పి పరిచాడు (రెండో రాజులు 19). మీరు కూడా తోడికోడలు అన్న మాటను రాసి, కింద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో అందులో నిజం ఎంతో, రెండో గడిలో వెటకారం ఎంతో రాయండి. అష్షూరు దూత రబ్షాకే, "2,000 గుర్రాలిస్తాను, వాటి మీద ఎక్కే మనుషులు నీ దగ్గరున్నారా?" అని యెరూషలేము గోడ దగ్గర నిలబడి హేళన చేశాడు. అది అంత గట్టిగా గుచ్చుకోవడానికి కారణం అందులో కొంత నిజం ఉండటమే. యూదాకు సైన్యబలం నిజంగానే తక్కువ. పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాళ్లం.

మీ విషయంలో ఆ నిజం ఏమిటో మీరే ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. బావగారి డబ్బు. మీ తోడికోడలు రెండు పీటల మీద కూర్చుని మాట్లాడుతోంది. ఒక పీట మీద ఆమె ఎగతాళి చేసే మనిషి, ఇంకో పీట మీద అప్పు ఇచ్చిన ఇంటి ఇల్లాలు. డబ్బు వస్తుందో రాదో అన్న గుబులు ఆమెకూ ఉండవచ్చు. అది నేరుగా అడగలేక వెటకారంగా బయటపడుతూ ఉండవచ్చు. ఎగతాళి చేసే మనిషికి మీరు చాలా తక్కువ చెప్పాలి. అప్పు ఇచ్చిన మనిషికి పూర్తిగా చెప్పాలి. మీరు ఇప్పుడు ఇద్దరికీ ఒకే మౌనం ఇస్తున్నారు. అప్పిచ్చినవాళ్ల దగ్గర మౌనం "ఎగ్గొడతారేమో" అన్న అనుమానంగా మారుతుంది. అప్పుడు మీ ప్రార్థన కూడా వాళ్లకు సాకులాగే కనిపిస్తుంది.

అందుకని ఈ వారంలోనే మీరూ మీ ఆయనా కూర్చుని ఒకే కాగితం మీద అన్ని అప్పులూ రాయండి: ఎవరికి, ఎంత, ఎప్పుడు తీసుకున్నది, వడ్డీ ఉందా, నెలకు ఎంత కట్టగలం. కట్టగలిగినదానికన్నా పెద్ద అంకె రాయవద్దు. చిన్న మొత్తమైనా ప్రతి నెలా అదే తేదీకి అందితే మాటకు విలువ పెరుగుతుంది. పెద్ద మొత్తం ఒప్పుకుని రెండో నెలలోనే తప్పితే ఉన్న మర్యాదా పోతుంది. ఒక నెల కుదరదని తెలిస్తే గడువుకు ముందే ఫోన్ చేసి చెప్పాలి, తర్వాత కాదు. "ఫలానా నెలకల్లా దేవుడు మమ్మల్ని లేవనెత్తుతాడు, చూస్తూ ఉండండి" అని ఎవరితోనూ అనకండి. ఆయన ఇవ్వని గడువును ఆయన పేరుతో మీరు ఇచ్చినట్టవుతుంది. ఆ నెల రాగానే నవ్వడానికి వాళ్లకు ఇంకో కారణం దొరుకుతుంది.

బావగారితో ఈ కాగితం గురించి మాట్లాడాల్సింది మీ ఆయన. "పట్టించుకోకు" అని ఆయన అనడం ప్రేమ లేక కాదు. పదిమంది కొడుకులకన్నా నేను నీకు ఎక్కువ కానా అని భర్త ఎల్కానా కూడా హన్నాను ఓదార్చబోయాడు, ఆమె బాధ ఎక్కడుందో అందుకోలేక. ఆయన్ని "మీరు నన్ను అర్థం చేసుకోరు" అని నిందించకుండా ఒక్క పని అడగండి: "అన్నయ్య దగ్గర డబ్బు సంగతి మీరు మాట్లాడండి. ఆ మాట నా మీదకు రాకుండా చూడండి." అన్నదమ్ముల మధ్య తేలాల్సిన లెక్క తోడికోడళ్ల మధ్య సూటిపోటి మాటలుగా తిరుగుతోంది.

ఎదురుగా మాట పడినప్పుడు ఏం చేయాలి? ముందు ఊపిరి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు వదలండి, మూడుసార్లు. ఊపిరి నెమ్మదిగా వదిలినప్పుడు గుండె దడ తగ్గుతుంది, గొంతు వణకదు. తర్వాత రెండే వాక్యాలు. ఉదాహరణకు: "అప్పు సంగతి నిజమే అక్కా, ఆయన బావగారితో మాట్లాడుతున్నారు. ప్రార్థన గురించి నవ్వితే మాత్రం నాకు బాధగా ఉంటుంది." అంతే. మూడో వాక్యం దగ్గరే అందరూ జారిపడతారు, ఎందుకంటే "మీవాళ్లు చేసింది మర్చిపోయారా" అన్నది ఎప్పుడూ మూడో వాక్యంలోనే వస్తుంది. ఈ రెండు వాక్యాలను ఇంట్లో పైకి, మామూలు గొంతుకన్నా కాస్త తగ్గించి, ఐదారుసార్లు అని చూసుకోండి. మళ్లీ అంటే మళ్లీ అవే వాక్యాలు. యెరూషలేము గోడ తిరిగి కడుతున్న నెహెమ్యాను కిందికి రమ్మని శత్రువులు నాలుగుసార్లు కబురు పంపితే, నాలుగుసార్లూ ఒకే జవాబు వెళ్లింది. నక్క ఎక్కితే పడిపోతుందని ఆ శత్రువుల్లో ఒకడైన టోబీయా వెక్కిరించిన ఆ గోడ 52 రోజుల్లో పూర్తయింది.

యేసు కూడా అందరి దగ్గరా ఒకేలా లేడు. వింత చూడాలన్న సరదాతో ఎన్నో ప్రశ్నలు వేసిన పాలకుడు హేరోదుకు ఒక్క జవాబూ ఇవ్వలేదు. విచారణలో చెంపదెబ్బ కొట్టిన బంట్రౌతును మాత్రం, "నేను తప్పు మాట్లాడితే చూపించు, సరిగా మాట్లాడితే ఎందుకు కొడుతున్నావు?" అని నిలదీశాడు. కాబట్టి బాధ కలిగిందని చెబితే సాక్ష్యం పోదు. తిట్టుకు తిట్టు ఇస్తే పోతుంది. మీరు ఆ రోజు అన్న మాటలకు ఇప్పటికీ క్షమాపణ చెప్పకపోతే చెప్పండి. "ఆ రోజు నేను అన్న ఫలానా మాట తప్పు" అని మీ వంతుకే చెప్పండి. "నువ్వు అన్నావు కాబట్టే నేను అన్నాను" అని తోక తగిలిస్తే అది క్షమాపణ అవదు.

వాట్సాప్ విషయంలో కొంచెం కటువుగా చెప్పాలి. గొడవ అయిన మర్నాడు గ్రూపులో పెట్టే వాక్యం చాలాసార్లు దేవుని మాటలా కాక మన బాణంలా వెళ్తుంది. చదివేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. కొన్నాళ్లు ఆ గ్రూపులో వాక్యాలు ఆపండి. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆరోగ్యం కబుర్లు మామూలుగా రాయండి. నవ్వు బొమ్మలకు జవాబు వద్దు. రాత్రి పడుకోబోయే ముందు ఆ గ్రూపు తెరవనే వద్దు.

తోడికోడలి కోసం ప్రార్థించమంటే చేదుగా ఉంటుందని తెలుసు. "ప్రభువా, ఆమెకు బుద్ధి చెప్పు" అన్నది ఆమె కోసం చేసిన ప్రార్థన అవదు. ఆమెకు నిజంగా ఉన్న ఒక అవసరం, మోకాళ్ల నొప్పో, పిల్లల చదువో, పేరు పెట్టి ఒక్క వాక్యం చెప్పండి చాలు. ప్రేమ పొంగిందా లేదా అని వెతుక్కోవద్దు. లోపల చేదు పోలేదని తెలిసినప్పుడు పోయినట్టు నటించకండి కూడా. షిమీ అనేవాడు తన మీద రాళ్లు విసిరి శపిస్తుంటే, వాడి తల తీసేస్తానన్న తన మనిషి అబీషైని దావీదు రాజు ఆపాడు. గొప్ప నిగ్రహమే. కానీ చనిపోయే ముందు కొడుకు సొలొమోనుతో అదే షిమీ గురించి, వాణ్ణి నిర్దోషిగా వదలవద్దని చెప్పి వెళ్లాడు. ఆ మాటకు రాజ్యకారణాలు ఉన్నాయని చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో మానని గాయం కనిపిస్తుంది. నోరు ఆపుకోవడం ఒక పని, గాయం మానడం వేరే పని. రెండోదానికి నెలలు పట్టవచ్చు.

బాబు విషయం ఆలస్యం చేయకండి. వాడు మీ జవాబు కన్నా మీ ముఖం ఎక్కువ చదువుతున్నాడు. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి: "మనకు అప్పు ఉంది, అది నిజం. నెలనెలా తీరుస్తున్నాం. పెద్దమ్మ దాన్ని అన్న తీరు నాకు బాధ కలిగించింది. ఆ రోజు నేను అరవడం కూడా తప్పే. నీకు ఏమనిపిస్తోంది?" తర్వాత మాట్లాడనివ్వండి. పెద్దమ్మ మీద కోపం నూరిపోయకండి. "దేవుడున్నాడు, అంతా బాగుంటుంది" అని వాడి ప్రశ్న నోట్లోనే నొక్కకండి. "దేవుడు ఎందుకు ఊరుకుంటున్నాడు?" అని వాడు అడిగితే, నాకూ అదే ప్రశ్న ఉంది, ఇద్దరం కలిసి ఆయన్నే అడుగుదాం అనండి.

ఓర్పుకు ఒక హద్దు ఉందమ్మా. చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, బలవంతంగా సంతకాలు పెట్టించుకోవడం జరిగితే అది ఎగతాళి పరిధి దాటిపోయింది. అక్కడ దూరం జరగాలి, పెద్దలనో చట్టాన్నో ఆశ్రయించాలి. "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమని రోమా పత్రిక 12వ అధ్యాయం హద్దు పెట్టే చెప్పింది. అలాగే నిద్ర, ఆకలి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ని కలవండి. బతకాలని లేదనిపిస్తే ఆ రోజే మీ ఆయనకు చెప్పి, ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

శుభకార్యానికి వెళ్లండి. అయితే అప్పుల కాగితంతో మీ ఆయన బావగారిని కలిసిన తర్వాతే వెళ్లండి, ముందు కాదు. రెండు గంటలు చాలు. ఎప్పుడు బయలుదేరాలో ఇంటి దగ్గరే మీ ఆయనతో అనుకోండి. అక్కడ ఖాళీగా కూర్చుంటే మాటలు మీ మీదకే వస్తాయి, అందుకని వెళ్లగానే ఏదో ఒక పని అందుకోండి. వడ్డించడమో, పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడమో. ఆ మాట వస్తే మీ రెండు వాక్యాలు చెప్పి, చేతిలో ఉన్న పని కొనసాగించండి. వెళ్లేటప్పుడు తోడికోడలి దగ్గరకు మీరే వెళ్లి "వెళ్లొస్తాం అక్కా" అని చెప్పి రండి.