చిన్నీ, డైరెక్టర్ దగ్గరికి వెళ్లేముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు పెద్ద వేషం వచ్చిందనీ, ఆ సినిమా ముగింపు నచ్చలేదని నువ్వు డైరెక్టర్‌తో తేల్చుకోవడానికి వెళ్తున్నావనీ ఒక్క గుక్కలో చెప్పేసింది. "నువ్వైనా చెప్పక్కా, చేతిదాకా వచ్చింది పోగొట్టుకుంటుంది" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. భయం వేసిన మాట నిజమే. కానీ ముందు గర్వంగా అనిపించింది. నీ వయసులో నాకు చేతకాని పని నువ్వు చేయబోతున్నావు.

వెళ్లొద్దని అనను. వెళ్లు. ఎలా వెళ్లాలో మాత్రం నా మాట విను.

స్క్రిప్టు మొత్తం ఇంకోసారి చదువు, నీ సీన్లు మాత్రమే కాదు. సంతకం పెట్టకముందే మాట్లాడు. మేనేజర్‌ని పంపకు, మెసేజ్‌లో పెట్టకు, ఎదురుగా కూర్చుని చెప్పు. రచయిత కూడా ఉంటే మరీ మంచిది. పదిమంది యూనిట్ ముందు మాత్రం నోరు విప్పకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ అమ్మకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు 24 ఏళ్లు, అది నా మూడో సినిమా. భర్త చేతిలో దెబ్బలు తిని, ఇల్లు వదిలి, తన కాళ్లమీద తాను నిలబడ్డ ఆడమనిషి కథ. అంతా చేసి చివర్లో ఆయన తిరిగొచ్చేసరికి, ఆవిడ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని "తప్పు నాదేనండీ, ఓర్చుకోలేకపోయాను" అనాలి. కథ చెప్పిన రోజే ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. అయినా "చాలా బావుంది సార్" అన్నాను. షూటింగ్ జరిగినన్నాళ్లూ రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే గడిపేశాను. ఆ సీన్ రోజు రానే వచ్చింది. మేకప్ వేసుకుంటూ ఒక ఆలోచన చేశాను. నోటితో కాదనలేను కదా, ప్రాణం లేకుండా చెప్పేద్దాం, పేలవంగా ఉందని వాళ్లే ఎడిటింగ్‌లో తీసేస్తారు అని. తల వంచుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. డైరెక్టర్ నాలుగు టేకులు తీశాడు. నాలుగో టేక్ అయ్యాక నా వంక ఒకసారి చూసి, కెమెరామన్‌తో ఏదో మాట్లాడి, "ఓకే" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

ప్రివ్యూలో చూశాను చిన్నీ. నా మొహం ఎక్కడా లేదు. భుజం, కొంచెం జుట్టు, అంతే. తెర నిండా హీరో మొహం, ఆయన కళ్లలో నీళ్లు. ఆ మాట వెనక నుంచి వినిపించింది, నాది కాని గొంతుతో. డబ్బింగ్‌కి నన్ను పిలవనేలేదు. ఆ డబ్బింగ్ చెప్పిన అమ్మాయి ఎంత బాగా చెప్పిందో! నేను చంపేద్దామనుకున్న మాటకి ఆమె ప్రాణం పోసింది. ఆమెను తప్పుపట్టను, ఆమె పని ఆమె నిజాయితీగా చేసింది. నేనే నా పని చేయలేదు. సినిమా విడుదలయ్యాక ఆ మాట దగ్గర హాల్లో చప్పట్లు కొట్టారు.

చాలా ఏళ్ల తర్వాత రైల్లో ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. పక్కనున్న కూతురికి నన్ను చూపించి, "ఈవిడేనే" అంటూ ఆ డైలాగ్ పొల్లుపోకుండా చెప్పింది. అచ్చం ఆ డబ్బింగ్ గొంతులాగే, అదే విరుపుతో. కూతురు మాట్లాడలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాళ్లిద్దరూ ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో నేను అడగలేకపోయాను. ఆ పిల్ల మెడ అలా పక్కకి తిరిగి ఉండటం ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఇంకో సంగతి ఆ సినిమా అసోసియేట్ డైరెక్టర్ ద్వారా తెలిసింది, అదీ ఎంతో కాలానికి. ఆ సీన్‌ని రచయిత రెండు రకాలుగా రాశాడట. రెండోదాంట్లో ఆవిడ ఏమీ అనకుండా తలుపు వేసేసుకుంటుంది. ఎవరైనా అడిగితే ఇద్దామని ఆ కాగితాలు షూటింగ్ అయ్యేదాకా ఫైల్లోనే ఉంచాడట. ఎవరూ అడగలేదు.

అందుకే ముందు ఈ పని చెయ్యి. నీ పాత్రకి నువ్వే డబ్బింగ్ చెబుతావని అగ్రిమెంట్‌లో రాయించుకో. పారితోషికం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇది రాయించుకోకుండా సంతకం పెట్టావని తెలిస్తే నీతో మాట్లాడను. నిజంగానే అంటున్నాను.

ఇక నీ ముగింపు. ఆఫీసులో పై అధికారి మీద ఫిర్యాదు చేసిన అమ్మాయిగా వేస్తున్నావు, చివరికి ఆ ఫిర్యాదు అబద్ధమని తేలుతుంది, అంతేనా? నీ కోపం నాకు అర్థమైంది. కానీ పాత్ర అబద్ధం చెప్పడం వేరు, సినిమా అబద్ధం చెప్పడం వేరు. చెడ్డదానిగా కనిపించడానికి భయపడేటట్టయితే ఈ వృత్తిలోకి ఎందుకొచ్చావు? అబద్ధాలాడే ఆడవాళ్లూ ఉంటారు, వాళ్ల కథా చెప్పొచ్చు. సినిమా ఎవరి పక్షాన నిలబడిందో డైలాగుల్లో వెతకకు. ఆఖరి క్లోజప్ ఎవరిది? రీరికార్డింగ్, అదే నేపథ్య సంగీతం, ఎవరి కోసం పైకి లేస్తుంది? నిజం బయటపడ్డాక ఆ అమ్మాయికి ఇంకొక్క సీనైనా ఉందా, లేక అక్కడితో మాయమైపోతుందా? ఆమెను చూసి ధైర్యం తెచ్చుకుని నిజంగా ఫిర్యాదు చేసిన ఇంకో అమ్మాయి కథలో ఉందా? ఉంటే, రేపు ఆ పిల్లని ఎవరు నమ్ముతారు? ఈ ప్రశ్న డైరెక్టర్ ముందు పెట్టు. "ఇది తప్పు" అన్నావనుకో, ఆయన తన కథని కాపాడుకునే పనిలో పడతాడు. ప్రశ్న అడిగితే నీతోపాటు ఆలోచిస్తాడు. రెండేళ్లుగా ఆ కథతో బతికినవాడు, ఆ మాత్రం మర్యాద ఇవ్వు.

వట్టి చేతులతో వెళ్లకు. 1979లో వచ్చిన 'క్రేమర్ వర్సెస్ క్రేమర్' చూశావుగా. కొడుకుని వదిలి వెళ్లిపోయిన తల్లిని వట్టి రాక్షసిలా చూపించడం ఆ వేషం వేసిన మెరిల్ స్ట్రీప్‌కి నచ్చలేదు. ఆ తల్లికీ ఒక కారణం ఉండాలని పట్టుబట్టింది. దర్శకుడు రాబర్ట్ బెంటన్ కోర్టు సీన్‌లో ఆ తల్లి చెప్పే మాటలు ఆమెనే రాయమన్నాడు, ఆమె రాసిందే తెరమీదికెక్కింది. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. నువ్వు కూడా ఒక పేజీ రాసి తీసుకెళ్లు. ఆయన తీసుకోకపోయినా, నీకు కావాల్సింది ఏమిటో నీకు తెలుస్తుంది.

ఎంత చెప్పినా ఒప్పుకోకపోవచ్చు. 1987 నాటి 'ఫాటల్ అట్రాక్షన్'లో గ్లెన్ క్లోజ్ వేసిన పాత్ర, మొదట తీసిన ముగింపులో, తన ప్రాణం తనే తీసుకుంటుంది. ముందుగా వేసిన షోలలో ప్రేక్షకులకి అది నచ్చలేదని, ఆమె వెంటపడ్డ మగవాడి భార్య చేతిలో చచ్చిపోయేట్టు మళ్లీ తీశారు. మనసు గాయపడ్డ మనిషిని హంతకురాలిగా మారుస్తున్నారని ఆమె గట్టిగా పోట్లాడింది, ఓడిపోయింది. ఓడిపోయాక ఆ సీన్‌లో ఏ లోటూ చేయలేదు. తన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు, తర్వాత ఎన్నేళ్లయినా అదే చెప్పింది. నీకు కూడా రెండే దారులు. సంతకానికి ముందు నమస్కారం పెట్టి లేచి రావడం, లేదా ఒప్పుకుని మనసంతా పెట్టి చేయడం. నేను పోయిన మూడో దారిలోకి మాత్రం పోకు తల్లీ.

అన్నట్టు, ఫోన్‌లో ఏదో పోస్టు రాసి పెట్టుకున్నావట, ఆయన వినకపోతే పెట్టేస్తావట. తీసెయ్. హాలీవుడ్ నటుడు జిమ్ క్యారీ 'కిక్-యాస్ 2' షూటింగ్ ముగించిన కొద్ది వారాలకే, 2012 డిసెంబరులో, అమెరికాలోని సాండీ హుక్ బడిలో కాల్పులు జరిగి పసిపిల్లలు చనిపోయారు. ఆ సినిమాలోని హింసని ఇక సమర్థించలేనని 2013లో విడుదలకి ముందు అతను ట్వీట్ చేశాడు, తోటివాళ్లకి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. స్క్రిప్టులో లేనిదేదీ తెరమీద లేదని కథ సృష్టించిన మార్క్ మిల్లర్ జవాబిచ్చాడు. క్యారీ మనసు మారడానికి అంత పెద్ద దుఃఖం కారణం, నేను అతన్ని తప్పుపట్టను. కానీ నీకు ముగింపు ఇవాళే తెలుసు. ఇవాళే చెప్పే వీలుంది.

గట్టిగా రాశానని బాధపడకు. చిన్నప్పుడు నా చీర చుట్టుకుని అద్దం ముందు నిలబడి, నా డైలాగులు నాకే తిప్పి చెప్పేదానివి. ఆ ఒక్క డైలాగ్ నీ నోట వినకూడదని ఆ సినిమా మీ ఇంట్లో పెట్టనిచ్చేదాన్ని కాదు. ఎందుకని నువ్వు ఎన్నిసార్లు అడిగావో.

ఆదివారం నా దగ్గరికి రా. డైరెక్టర్‌గా నేను కూర్చుంటాను, ఆయనతో చెప్పాల్సిందంతా నాతో చెప్పు. నీ గొంతు ఎక్కడ వణుకుతుందో, ఎక్కడ అరుపులోకి వెళ్తుందో ఇద్దరం కలిసి చూద్దాం. స్క్రిప్టు కూడా తెచ్చుకో. కొత్త కళ్లజోడు వచ్చింది, మొత్తం చదవగలను.

నీ పెద్దమ్మ