టెక్ సందేహాలు: కారు దించాక టైర్ లోపలి అంచే ఎందుకు అరుగుతోంది?

ప్రశ్న: నా హ్యాచ్‌బ్యాక్‌కి లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. బండి 35 మి.మీ. కిందికి దిగింది. అదే రోజు అలైన్‌మెంట్ చేయిస్తే అంతా ఓకే అన్నారు. ఆరు వేల కిలోమీటర్లు తిరిగేసరికి ముందు టైర్లు రెండూ లోపలి వైపు నున్నగా అయిపోయాయి. బయటి సగం కొత్తదానిలా ఉంది. క్యాంబర్ వల్లే అంటున్నారు. స్ప్రింగులు తీసేయాలా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఒక పని చేయండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టైర్ లోపలి అంచును టార్చ్ వేసి చూడండి. రబ్బరు కింది ఉక్కు తీగలు కనిపిస్తుంటే ఆ టైర్లతో హైవే ఎక్కొద్దు. గాడుల లోతు 1.6 మి.మీ. కంటే తగ్గితే టైర్ మార్చాల్సిందే. కారు పక్కన నిలబడి చూస్తే బయటి అంచే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఈ ప్రమాదాన్ని గమనించరు.

ఇక కారణం. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువుగా ఉందా, లోపలికో బయటికో వాలిందా అన్నది. టో అంటే పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాలూ నేరుగా ముందుకే చూస్తున్నాయా, మన పాదాల్లా కాస్త బయటికో లోపలికో తిరిగాయా అన్నది. మన చిన్న కార్లలో ఎక్కువగా ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాడ. బాడీ కిందికి దిగితే లోయర్ ఆర్మ్ (చక్రం అడుగును బాడీకి కలిపే చేయి) బయటి కొస పైకి లేస్తూ చక్రం అడుగు భాగాన్ని బయటికి నెడుతుంది. స్ట్రట్ పై కొస మాత్రం బాడీకి బిగించి ఉంటుంది. దాంతో చక్రం తల లోపలికి వాలుతుంది. 30, 40 మి.మీ. దించితే ఈ తేడా చాలా కార్లలో ఒక డిగ్రీ లోపే ఉంటుంది. ఆర్మ్ నేలకు సమాంతరమయ్యాక ఇంకా దించితే అడుగు భాగం మళ్లీ లోపలికి రావడం మొదలవుతుంది.

అదే సమయంలో టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) బయటి కొస కూడా పైకి లేస్తుంది. లోయర్ ఆర్మ్‌తో పోలిస్తే దాని పొడవు వేరు, లోపలి కీలు ఉన్న చోటు వేరు కాబట్టి అది తిరిగే వంపూ వేరే. కంపెనీ అనుకున్న ఎత్తులో ఈ రెండు వంపులూ సరిపోతాయి. ఎత్తు మారితే ఒకటి రెండోదాన్ని లాగుతుంది, టో మారిపోతుంది. చాలా కార్లలో అది టో అవుట్ వైపు, అంటే చక్రాలు బయటికి చూసేలా మారుతుంది.

నా అభిప్రాయంలో మీ టైర్లను తిన్నది ముఖ్యంగా టో. చక్రం కాస్త వాలి ఉన్నా నేరుగానే దొర్లుతుంది, బరువు మాత్రం లోపలి అంచు మీద ఎక్కువ పడుతుంది. టో తప్పిన చక్రం అలా కాదు, దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతుంది. పావు డిగ్రీ తేడా ఉన్నా కిలోమీటరుకు సుమారు 4.4 మీటర్లు పక్కకి రాసుకున్నట్టే. మీ ఆరు వేల కిలోమీటర్లకు అది 26 కిలోమీటర్లు దాటుతుంది! వాలిన చక్రానికి టో అవుట్ తోడైతే ఆ రాపిడంతా లోపలి అంచుకే.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. తీగలు బయటపడకపోతేనే, అరచేతిని టైర్ మీద లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నెమ్మదిగా రాయండి. ఒకవైపు నునుపుగా, రెండోవైపు రంపపు పళ్లలా తగిలితే టో తప్పినట్టే. రెండువైపులా నునుపుగా ఉండి లోపలి అంచు మాత్రమే అరిగితే క్యాంబర్‌ను అనుమానించండి.

మరి అలైన్‌మెంట్ ఓకే అన్నారంటే? కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాకే సర్దుకుంటాయి. ఆ రోజు సరిచేసిన టో ఇప్పుడు అలాగే ఉండకపోవచ్చు. ఇంకో విషయం, లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు దిమ్మ) బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు వేయాలి. బుష్ పాడైతే ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేసినా అది నిలవదు.

అందుకే స్ప్రింగులు తీసేయమని చెప్పను. బుష్‌లు, బాల్ జాయింట్లు (ఆర్మ్ చక్రానికి కలిసే గుండ్రటి కీళ్లు) చూపించి, నాలుగు చక్రాల కొలతల ప్రింటవుట్ అడగండి. నోటిమాటగా ఓకే అంటే ఒప్పుకోవద్దు. మన చిన్న కార్లు చాలావాటిలో టో తప్ప ఇంకేదీ సర్దడానికి వీలుండదు, క్యాంబర్ గడి ఎర్రగా ఉన్నా వదిలేస్తారు. స్ట్రట్‌ను రెండు బోల్టులతో బిగించిన కార్లలో ఒకదాని బదులు క్యాంబర్ బోల్ట్ వేస్తే ఒక డిగ్రీ వరకూ సర్దుకోవచ్చు. క్యాంబర్ కదిపితే టో మళ్లీ మారుతుంది, కాబట్టి టోను చివర్లోనే సెట్ చేయమనండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మరోసారి కొలిపించండి.

ప్రశ్న: కొత్త స్ప్రింగులు ఖరీదు. ఉన్నవాటినే రెండు చుట్లు కోయిస్తే చాలంటున్నారు. చేయించనా?

జవాబు: వద్దు. కోసిన కొస స్ప్రింగ్ సీటులో సరిగ్గా కూర్చోదు. గుంతలో చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు స్ప్రింగ్ వదులై పక్కకి జరగొచ్చు. రెండువైపులా సమానంగా కోయడమూ కష్టమే, అప్పుడు ఎడమ, కుడి కోణాలు వేరువేరుగా వస్తాయి. ఖర్చు భరించలేకపోతే బండిని కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే ఉంచండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తే 10 సెం.మీ. మన ఊళ్లలో అంతకన్నా ఎత్తైనవి ఎన్నో చూస్తుంటాం.

ప్రశ్న: నా కారులో లేన్ అసిస్ట్ (కెమెరాతో రోడ్డు గీతలు చూసి కారును వాటి మధ్య ఉంచేది), ముందున్న వాహనాలను గుర్తించే రాడార్ ఉన్నాయి. దించితే ఏమైనా తేడా వస్తుందా?

జవాబు: వస్తుంది. కెమెరా, రాడార్ రెండూ కంపెనీ ఎత్తుకు, నేరుగా వెళ్లే దిశకు క్యాలిబ్రేట్ అయి, అంటే సరిచూసి సెట్ చేసి ఉంటాయి. దించాక ముందు అలైన్‌మెంట్, ఆ తర్వాత స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ రీసెట్, చివర్లో కెమెరా, రాడార్ క్యాలిబ్రేషన్ ఈ వరసలోనే చేయించండి. హెడ్‌లైట్ల ఎత్తూ చూపించండి. పని మొదలుపెట్టకముందే ఆ క్యాలిబ్రేషన్ మీ కొత్త ఎత్తుకు చేస్తారో లేదో, వారంటీ ఏమవుతుందో సర్వీస్ సెంటర్‌ను రాతపూర్వకంగా అడగండి. కొత్త ఎత్తుకు క్యాలిబ్రేషన్ చేయలేమని చెబితే ఆ కారును దించకండి.