అక్షరం రాని అమ్మ, మైక్ బటన్

"కొత్త టెక్నాలజీ మనుషుల జీవితాన్ని, సమాజాన్ని నిజంగా మార్చిందా, లేక పనులు త్వరగా అవుతున్నాయి, అంతేనా?" అని అడిగారు. త్వరగా అవడం చాలా చిన్న సంగతి. ఒక మనిషి ఇంకొకరిని బతిమాలుకునే అవసరం తీరితేనే అసలైన మార్పు అంటాను నేను.

మా అమ్మకి చదవడం, రాయడం రాదు. పిన్నికీ రాదు. పిన్ని పెళ్లయి దూరం వెళ్లాక అమ్మ చెబుతుంటే ఉత్తరాలు నేను రాసేదాన్ని. అక్కడ పిన్నికి వాళ్ల మరిది చదివి వినిపించేవాడు. అక్కాచెల్లెళ్ల మాటల మధ్య ఎప్పుడూ ఇద్దరు! ఇక మనసులో మాట ఏం చెప్పుకుంటారు? "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఉత్తరం అయిపోయేది. ఫోన్ వచ్చినా అది నలుగురూ కూర్చునే హాల్లోనే ఉండేది. 1992లో మొదటి ఎస్ఎంఎస్ వెళ్లిందని గొప్పగా చెబుతారు గానీ, దానివల్ల అమ్మకి ఒరిగిందేమీ లేదు.

2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆ తర్వాత కొన్నాళ్లకి అమ్మకి మైక్ గుర్తు చూపించాను. బొటనవేలు గట్టిగా అదిమి పట్టి, ఫోన్‌ని నోటికి ఆనించుకుని, ముందు ఒక్క మాటా రాక అలాగే ఉండిపోయింది. తర్వాత తల తిప్పి, "నువ్వు కాస్త అవతలికి వెళ్లవే" అంది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. ఏం చెప్పిందో నేను అడగలేదు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మాట మూడో మనిషి చెవిన పడకపోవడం అదే మొదటిసారి.

చదవడం, రాయడం రాని పెద్దలు ప్రపంచంలో ఇప్పటికీ 70 కోట్లకు పైనే ఉన్నారని, వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లేనని యునెస్కో లెక్క. సమాజం మారడమంటే వీళ్ల జీవితాల్లో ఏం మారిందో చూడాలి.

నా కోపమంతా యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద. అమ్మ బొమ్మల గుర్తులతో, వాటి చోటుతో ఫోన్ వాడుతుంది. అప్‌డేట్ పేరుతో బటన్ జరిపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఓటీపీ సంగతి ఇంకా అన్యాయం. అమ్మ అంకెలు గుర్తుపడుతుంది, కానీ మెసేజ్‌లో ఏది ఓటీపీయో, ఏది డబ్బు మొత్తమో తెలియదు. పక్కన ఎవరుంటే వాళ్లకి చూపిస్తుంది. ఎవరికీ చెప్పొద్దని అదే మెసేజ్‌లో ఉంటుంది, అది చదవాలన్నా ఇంకొకరు కావాలి.

చూపు లేనివాళ్ల కోసం స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయం 2009లోనే ఐఫోన్‌లోకి వచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని స్మార్ట్‌ఫోన్లలోనూ ఉంది, కాకపోతే సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల. ప్రతి మెసేజ్ పక్కన చదివి వినిపించే బటన్ ఒకటి పెట్టడానికి ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లకి అడ్డేమిటి?