రెండో లైను సంగతి తర్వాత, ముందు మాగబెట్టే గదులు లెక్కపెట్టండి

ప్రశ్న: చిత్తూరు దగ్గర మాకు గంటకు 5 టన్నుల మామిడి గుజ్జు లైను ఒకటి ఉంది. వచ్చే ఐదేళ్లను దృష్టిలో పెట్టుకుని రెండో లైను వేయాలా? సామర్థ్యం ఎలా అంచనా కట్టాలి?

గంటకు ఎన్ని టన్నులన్నది యంత్రం అమ్మేవాళ్ల లెక్క. మీకు కావాల్సింది సీజను మొత్తం లెక్క. లైను కడగడానికి, స్టెరిలైజ్ చేయడానికి రోజుకు నాలుగు గంటలు పోతే మిగిలేది 20 గంటలు, అంటే 100 టన్నుల కాయ. గుజ్జుకు వాడే తోతాపురి మామిడి రెండు నెలలు వస్తుందంటారు గానీ మొదట్లో కాయ ముదరదు, చివర్లో వానలకు దెబ్బతింటుంది. లైను నిండుగా నడిచేది 45 రోజులే అనుకోండి. 4,500 టన్నుల కాయ, అందులో 55 శాతం గుజ్జు, అంటే 2,475 టన్నులు. 215 కిలోల డ్రమ్ములైతే 11,500, కంటైనరుకు 80 చొప్పున 144 కంటైనర్లు. ఐదేళ్ల ప్రణాళిక ఈ అంకెల మీదే నిలబడాలి.

ఇక అసలు ఇరుకు ఎక్కడుందో చూడండి. జూన్ నెలాఖరులో బంగారుపాళ్యం, దామలచెరువు వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు బయట బారులు తీరి ఉంటాయి. లోపల మాత్రం లైను ఆగిపోయి ఉంటుంది. బయట నిలబడింది పచ్చి కాయ, లైనుకు కావాల్సింది పండు. మాగడానికి ఐదు రోజులు పడితే, రోజుకు 100 టన్నులు నడవాలంటే ఎప్పుడూ 500 టన్నులు గదుల్లో ఉండాలి. 20 కిలోల క్రేట్లలో అది 25,000 క్రేట్లు. తోటలో, బండి మీద, కడుగుడు దగ్గర తిరిగేవి వీటికి అదనం. ఆరు వరసల ఎత్తు పేర్చినా నికరంగా 1,000 చదరపు మీటర్లు పడుతుంది. గాలి ఆడటానికి, మనుషులు నడవటానికి దారులు వదిలితే దానికి రెట్టింపు దగ్గరకు పోతుంది. ఈ చోటు సగమే ఉన్నచోట రెండో లైను వేస్తే ఆగి ఉండే లైన్లు రెండవుతాయి, అంతే.

పైవాళ్ల ఒత్తిడికి తట్టుకోలేక నాలుగో రోజు కాయనే పల్పర్‌లో, అంటే గుజ్జు తీసే యంత్రంలో వేస్తారు. టెంకకు కండ అతుక్కుపోయి దిగుబడి తగ్గుతుంది, రంగు పాలిపోతుంది, పిండి రుచి వస్తుంది, 14 బ్రిక్స్ (గుజ్జులో కరిగి ఉన్న చక్కెర వంటి పదార్థాల శాతం) రావాల్సింది 12 దగ్గర ఆగిపోతుంది. కొనేవాళ్లు ఆ లాటు తిప్పి పంపుతారు. రెండు రోజుల తర్వాత దీనికి తలకిందుల కష్టం. ఒకేసారి నింపిన గదులన్నీ ఒకేసారి పండి, లైను అందుకోలేక కాయ కుళ్లుతుంది. అందుకే రోజుకో గది నిండాలి, రోజుకో గది ఖాళీ కావాలి. కాయను మాగబెట్టే ఇథిలీన్ వాయువు 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100) దాటకూడదు, బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతూ ఉండాలి. కరెంటు పోతే గది వేడెక్కి, తోలు ఆకుపచ్చగా ఉండగానే లోపల మెత్తబడిపోతుంది. కాబట్టి జనరేటరు లెక్కలో పల్పరు ఒక్కదాన్నే కాదు, ఈ గదుల్నీ కలపండి.

డబ్బు సంగతి. కొత్త లైనుకు వడ్డీ, యంత్రం తరుగుదల కలిపి ఏడాదికి 1.2 కోట్లు అనుకుందాం. 45 రోజులు నిండుగా నడిస్తే కిలో గుజ్జు మీద సుమారు 4.85 రూపాయలు. 20 రోజులే నడిస్తే 10.90. 2025లో కాయ పోటెత్తినప్పుడు కిలోకు రైతుకు 12 రూపాయలు దక్కేలా ప్రభుత్వం 4, ఫ్యాక్టరీలు 8 అని నిర్ణయించారు. ఆ 8 రూపాయల కాయ కిలో గుజ్జుకు 14.50 అవుతుంది. దాని మీద పని లేని యంత్రం భారం 10.90! పైగా ఏటా ఒకేలా కాసే పంట కాదిది. కాపు విరగకాసిన ఏడు కాయ చవకే, కానీ గుజ్జు కొనేవాళ్ల దగ్గరా నిల్వలు ఉంటాయి. సగటు కాపు చూసి లైను కొనకండి. నిండు కాపు, మామూలు కాపు, తక్కువ కాపు మూడింటికీ విడివిడిగా లెక్క వేయండి.

గదుల తర్వాత నేనైతే గోదాముకు, గుజ్జులో నీళ్లను ఆవిరిచేసే ఎవాపరేటరుకు డబ్బు పెట్టమంటాను. 14 బ్రిక్స్ గుజ్జును 28కి చిక్కబరిస్తే బరువు సగమవుతుంది. డ్రమ్ములు, చోటు, రవాణా దాదాపు సగానికి దిగుతాయి. బాయిలరు ఆవిరి సరిపోతుందో లేదో మాత్రం ముందే చూడాలి.

మిగతా నెలల్లో మదనపల్లె టమాటా నడుపుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మన టమాటా కూరకు పండించే రకం, బ్రిక్స్ 4–5 మించదు. 28 బ్రిక్స్ పేస్టు కిలో కావాలంటే ఆరేడు కిలోల కాయ, అందులో పోయేదంతా నీళ్లే. మామిడికి కొన్న ఎవాపరేటరు ఆ నీళ్లు లాగలేదు.

వ్యర్థాల లెక్క ఎవరూ వేయరు. 100 టన్నుల కాయకు 45 టన్నుల తొక్క, టెంక. పది టన్నుల టిప్పర్లు రోజుకు నాలుగైదు. ఒక్కరోజు ఎత్తకపోతే ఊరు ఊరంతా గేటు ముందుకొస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. రెండో లైనంటే ఇది 90 టన్నులు, దానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మళ్లీ తీసుకోవాలి.

లైను ఎందుకు ఆగిందో ప్రతిరోజూ రాసిపెట్టండి: పండు లేకనా, ఆవిరి చాలకనా, డ్రమ్ములు లేకనా, చోటు లేకనా. పండు చేతిలో ఉండి కూడా లైను చాలని రోజులు మూడు సీజన్లలో రెండింట 25 దాటితే అప్పుడు రెండో లైను వేయండి. అంతవరకు రద్దీగా ఉండే ఆ పదిహేను రోజులు పక్క ఫ్యాక్టరీలో జాబ్ వర్క్ (మీ కాయను కూలికి ఆడించుకోవడం) చేయించుకోండి. స్థలం, పైపుల దారి, ట్రాన్స్‌ఫార్మరు మాత్రం ఇప్పుడే రెండు లైన్లకు సరిపడా పెట్టండి, తర్వాత పగలగొట్టి వేయడం చాలా ఖరీదు. క్రేట్ల ఆర్డరు జనవరికల్లా వెళ్లిపోవాలి. మురుగు శుద్ధి ట్యాంకులో సూక్ష్మజీవులు పెరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అందుకని మే మొదట్లోనే పేడ నీళ్లు వేసి మొదలుపెట్టండి.