‘అప్రూవల్ ఉంది’ అన్నది ఏ తారీఖున?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. 2024 ఆగస్టులో పక్క రాష్ట్రంలోని ఓ కాలేజీ పీఆర్వో మా ఇంటికొచ్చి, బీఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ అప్రూవల్ ఉందని బ్రోచర్ చూపించాడు. అన్నం పెట్టి పంపాం. నా భార్య నగలు కుదువపెట్టి ఆగస్టు 9న 1,60,000 కట్టాం. 2025 జూన్‌లో సీనియర్లు చెబితే తెలిసింది, అప్రూవల్ మా అబ్బాయి చేరడానికి ముందు ఏడాది వరకేనని. ‘త్వరలో వచ్చేస్తుంది’ అని కాలేజీ వాళ్లంటే జూలైలో రెండో ఏడాదికి ఇంకో 1,60,000 కట్టాం. ఇప్పుడు ఆ పీఆర్వో తమ మనిషే కాదంటున్నారు. ‘సొంత కారణాలతో మానేస్తున్నాను’ అని మా అబ్బాయి రాసిస్తే సగం డబ్బు, సర్టిఫికెట్లు ఇస్తారట. మెసేజ్‌లున్న నా ఫోన్ దసరాకి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: నగల గురించి, పెట్టిన అన్నం గురించి చాలా రాశారు. కోర్టుకు వాటితో పని లేదు. మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. 2024 ఆగస్టు 9 నాటికి, 2024-25 విద్యా సంవత్సరానికి ఆ కాలేజీకి అప్రూవల్ ఉందా, లేకపోతే ఆ సంగతి కాలేజీకి అప్పటికే తెలుసా? ఫార్మసీ కౌన్సిల్ అప్రూవల్ ఏడాది ఏడాదికీ చూసుకోవాల్సినది. నిన్నటి బ్రోచర్‌లో నిజమైన మాట ఇవాళ అబద్ధం కావచ్చు. మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, దీనికి జవాబిచ్చే కాగితం ఒక్కటీ లేదు. సీనియర్లు చెప్పారన్నది సాక్ష్యం కాదు.

ఆ కాగితం ఖరీదు 10 రూపాయలు. సమాచార హక్కు చట్టం కింద ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు దరఖాస్తు పెట్టండి. ఫలానా కాలేజీలో బీఫార్మసీకి 2023-24, 2024-25, 2025-26 సంవత్సరాలకు అనుమతి ఇచ్చారా, ఎన్ని సీట్లకు, నిరాకరిస్తే ఆ ఉత్తరం ఏ తేదీన కాలేజీకి పంపారు, వాటి నకళ్లు ఇవ్వండి అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నిరాకరణ ఉత్తరం ఆగస్టు 9 కంటే ముందుదైతే, తెలిసీ అబద్ధమాడారని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే. ఒకవేళ ఆలస్యంగానైనా మీ వాడి బ్యాచ్‌కే అనుమతి వచ్చి ఉంటే మీ కేసులో పస పోతుంది. అప్పుడు చదువు మాన్పించకండి.

తెలిసీ చెప్పారా, తెలియక చెప్పారా అన్నది నేనెందుకు పట్టుకున్నానంటే, తప్పుడు మాటతో ఒప్పించి చేసిన ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చనే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ‘కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకుంటే వాళ్లకే తెలిసేది కదా’ అని కాలేజీ లాయరు తప్పకుండా అంటాడు. పొరపాటున చెప్పిన తప్పుడు సమాచారానికైతే, చెప్పకుండా దాచినదానికైనా సరే, ఆ వాదన పనికొస్తుంది. తెలిసి నోటితో, అచ్చులో ఆడిన అబద్ధానికి మాత్రం ఆ వాదన చెల్లదని మనం వాదించవచ్చు.

పీఆర్వో తమ మనిషి కాదన్న మాటకు బెదరకండి. యజమాని పని మీద తిరుగుతూ ఏజెంటు చెప్పిన తప్పుడు మాట, ఆ ఒప్పందం వరకు, యజమాని చెప్పినట్టే. అది అదే చట్టంలోని 238వ సెక్షన్. జీతమా, కమీషనా అన్నది వాళ్ల గొడవ. అతని చేతిలో కాలేజీ బ్రోచర్ ఉంది, డబ్బు కాలేజీ ఖాతాలో పడింది, రసీదు కాలేజీ పేరు మీద ఉంది. ఇవి మీ దగ్గర ఉన్నాయిగా? అడ్మిషన్ ఫారం నకలు కూడా తీయండి. ‘అనుమతులన్నీ స్వయంగా పరిశీలించుకున్నాను’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీ వాడు చదవకుండానే సంతకం పెట్టి ఉంటాడు.

ఇక మీరు చేసిన పని. జూన్‌లో తెలిసింది, జూలైలో మళ్లీ ఫీజు కట్టారు! తెలిసి కూడా కొనసాగారు కాబట్టి ఒప్పుకున్నట్టేనని అవతలివాళ్ల మొదటి వాదన అదే అవుతుంది. ‘త్వరలో వస్తుంది’ అన్న హామీ మెసేజ్‌లోనో మెయిల్‌లోనో ఉంటే కొంత గట్టెక్కుతారు. వెతకండి. సాక్ష్యం ఉన్న ఫోన్‌ను పండగ ఆఫర్‌కి ఇచ్చేసినందుకు నేనేమీ అనను, అనాల్సింది మీకే తెలుసు. పీఆర్వో మీ అబ్బాయికీ మెసేజ్‌లు పెట్టే ఉంటాడు. ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. ఆ మెసేజ్‌లను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. దాని మీద మీ అబ్బాయి సంతకంతో పాటు నిపుణుడి సంతకమూ ఉండాలి. బంధువులకు ఫార్వర్డ్ చేసిన స్క్రీన్‌షాట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

ఆ ‘సొంత కారణాలు’ ఉత్తరం మాత్రం రాయొద్దు. సగం డబ్బు కోసం రాశారా, అప్రూవల్ లేనందువల్ల మానేశామని తర్వాత ఏ కోర్టులో చెప్పినా మీ అబ్బాయి చేతిరాతే అడ్డొస్తుంది. వాళ్లు అడుగుతున్నదీ అందుకే. డబ్బు అత్యవసరమైతే తీసుకోండి, కానీ ‘నా హక్కులు వదులుకోకుండా, రావలసినదాంట్లో కొంత భాగంగా తీసుకుంటున్నాను’ అని రాసి తీసుకోండి. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఇప్పుడు మీ అబ్బాయి సంతకంతో (మేజరే కదా, మీది కాదు) కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. 2023 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం ప్రాస్పెక్టస్‌లో తప్పుదోవ పట్టించే సమాచారం ఇవ్వడం, సర్టిఫికెట్లు ఆపడం రెండూ ఫిర్యాదు అంశాలే. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీలో విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అంటే అంబుడ్స్‌పర్సన్‌కు, అప్పీలు.

డబ్బు, నష్టపరిహారం కోసం ఒంగోలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. జూన్‌లో తెలిసింది కదా అని అక్కడి నుంచి లెక్కపెట్టకండి, మొదటి ఫీజు నుంచే లెక్కేసి 2026 ఆగస్టు 8 లోపు వేసేయండి. చదువు ‘సేవ’ కాదని, కాబట్టి వినియోగదారుల కమిషన్ ఈ కేసు వినకూడదని కాలేజీ వాదిస్తుంది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో అలాగే చెప్పింది కూడా, ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కానీ గుర్తింపు ఉందని తప్పుడు ప్రకటన ఇచ్చిన ఓ డెంటల్ కాలేజీని అదే సుప్రీంకోర్టు 2009లో వదిలిపెట్టలేదు. బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసు. మీ లాయరుకు ఆ పేరు చెప్పండి. అక్కడ కుదరకపోతే సివిల్ కోర్టు ఉంది, మోసం బయటపడిన నాటి నుంచి మూడేళ్లు. ఫారంలో ‘వివాదాలన్నీ ఫలానా ఊరి కోర్టులోనే’ అని ఉందేమో ముందే చూసుకోండి.

ఆ ‘సొంత కారణాలు’ ఉత్తరం నమూనా వాళ్లు వాట్సాప్‌లో పంపి ఉంటే, కోపంలో డిలీట్ చేయకండి. తప్పు లేని కాలేజీ విద్యార్థి మానేయడానికి కారణం తనే ఎందుకు రాసి పంపిందని మేం అడగడానికి అదొక్కటి చాలు.