ఎర్టిగాకు ఎక్స్ఎల్6 చక్రాలు వేస్తే కింద తగలడం ఆగుతదా?

మిర్యాలగూడ నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది: 2019 మారుతి ఎర్టిగాలో ఏడుగురు ఎక్కితే ఊర్లల్ల స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతోంది. మారుతిదే ఎక్స్ఎల్6ది కూడా అదే ప్లాట్‌ఫాం (బండి అడుగు కట్టడం) కదా, దాని 16 ఇంచుల చక్రాలు పెట్టిస్తే సరిపోతదా?

అన్నా, చక్రాల మీద పైసలు పెట్టకండి. రెండు బండ్లూ హార్టెక్ట్ అనే ప్లాట్‌ఫాం మీద కట్టినవే. రెండింటికీ వీల్‌బేస్ (ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా దూరం) 2740 మి.మీ., గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి అడుగు ఎత్తు) 180 మి.మీ. ఎక్స్ఎల్6 ఎస్‌యూవీ లెక్క కనబడేది బంపర్లు, బానెట్, ప్లాస్టిక్ క్లాడింగ్ వల్లే. మీ టైరు 185/65 ఆర్15, ఎత్తు దాదాపు 621 మి.మీ. 2022 నుంచి ఎక్స్ఎల్6కు వస్తున్న 195/60 ఆర్16 ఎత్తు 640. ఆ తేడాలో సగమే బండి లేస్తది, సెంటీమీటరు కూడా రాదు. పైగా స్పీడోమీటర్ 3 శాతం తక్కువ చూపిస్తది.

వీల్‌బేస్ పొడుగైనకొద్దీ బ్రేకర్ బండి నడుమ భాగానికి తగులుతది. రెనో కంపెనీ ట్రైబర్, కైగర్ కూడా ఒకే ప్లాట్‌ఫాం బండ్లే, కానీ ఒకదాని వీల్‌బేస్ 2636 మి.మీ., ఇంకొకదానిది 2500. ప్లాట్‌ఫాం ఒకటే అయినా కొలతలు మారిపోతయి. అందుకే పార్టులన్నీ కలుస్తయనుకోవద్దు. సికింద్రాబాద్ రాణిగంజ్ పార్టుల బజార్ల కొన్నా సరే, మీ ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీయించి కొనండి.

మీ బండిలో నాకు అనుమానం వెనక కాయిల్ స్ప్రింగుల మీదనే. చదును నేల మీద ఖాళీ బండి పెట్టి, చక్రం నడిమి నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమకు కుడికి సెంటీమీటరు మించి తేడా ఉంటే ఒక స్ప్రింగ్ కుంగినట్టే, లేదంటే విరిగినట్టే. మారిస్తే జతగానే మార్చాలి. బండి లేపనీకి కాయిల్ చుట్ల నడుమ దూర్చే రబ్బరు బఫర్లు మాత్రం వద్దు. అవి పెట్టిన చోట చుట్లు పనిచేయవు, బరువంతా మిగిలిన చుట్ల మీద పడుతది. దేవరకొండ దిక్కు తండాల రోడ్లకైతే అసలే పనికిరావు.

గాలి కూడా చూసుకోండి. ఫుల్ లోడ్‌కు వెనక టైర్లకు ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటది. పొద్దున టైరు చల్లగ ఉన్నప్పుడే పట్టియ్యండి.

పనిలో పనిగా వెనక యాక్సిల్ బుష్‌లు (యాక్సిల్‌ను బండికి బిగించే చోట ఉండే రబ్బర్లు) కూడా మారిస్తే ఒక సంగతి యాదుంచుకోండి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే, బండి దింపంగనే రబ్బరు మెలిపడి తొందరగ చిరుగుతది. బరువు చక్రాల మీద పడ్డాకనే ఆఖరి బిగింపు ఇయ్యాలి. చానా షాపుల్ల ఇది చేయరు, పక్కన నిలబడి చేయించుకోండి.