ఏ బండి, ఎవరి బండి

చిరంజీవి నాన్నకు, అత్త ఆశీస్సులు.

పాత యుద్ధాల ఫొటోలు చూసి, ఏది ఏ ట్యాంకో తేల్చి, కింద పేరు రాసే పనికి నువ్వు కుదిరావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత పొంగిపోయానో! ఆవడి ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో విజయంత ట్యాంకు డ్రాయింగులు ట్రేసింగ్ చేస్తూ సగం బతుకు గడిపినదాన్ని. మనింట్లో ఇంకొకడి కన్ను ఆ చక్రాల మీద పడిందంటే నాకెలా ఉంటుంది? కానీ ఫోను పెట్టేశాక దిగులు పట్టుకుంది. నీకు తొందరెక్కువ. చిన్నప్పుడు లెక్క చివరిదాకా చదవకుండానే జవాబు రాసేసేవాడివి. ఈ పనిలో ఆ అలవాటు మానాలిరా.

సులువైనవి ముందు చెప్పేస్తాను. పక్కనుంచి తీసిన ఫొటో దొరికితే పెద్ద చక్రాలు లెక్కపెట్టు, ఆ తర్వాత వాటి మధ్య సందులు చూడు. రంగును నమ్మకు. ఐదు చక్రాలుండి మొదటిదానికీ రెండోదానికీ నడుమ ఎడం ఎక్కువుంటే అది రష్యావాళ్ల టీ-54, టీ-55 ట్యాంకుల వంశం. ఎడం వెనక చక్రాల దగ్గరుంటే టీ-62. ఆరు చక్రాలుండి, పైన పట్టాను, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప గొలుసును, మోసే చిన్న రోలర్లు మూడుంటే టీ-72 అయ్యుండొచ్చు, కానీ అంతటితో ఆగకు. మన అర్జున్‌కి ఏడు. అమెరికావాళ్ల షెర్మన్ చక్రాలు జంటలు జంటలుగా బిగించి ఉంటాయి. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనకు చిక్కిన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్లో రెండు రకాలున్నాయి: ఎం-47కి ముందు పలకలో డ్రైవర్ పక్కన మెషిన్‌గన్ ఉంటుంది, ఎం-48కి ఉండదు. ఇంకొకటి, పట్టాలున్నదల్లా ట్యాంకు కాదు. మన మెదక్ ఫ్యాక్టరీలో చేసే బీఎంపీ-2 సైనికుల్ని మోసుకెళ్లే బండి. దాని 30 మిల్లీమీటర్ల సన్నటి గన్ను చూస్తేనే తెలిసిపోతుంది, అయినా పేపర్లవాళ్లు ట్యాంకనే రాస్తారు.

యుద్ధంలో ఏ బండీ మా డ్రాయింగులో ఉన్నట్టు ఉండదు. మూటలు, కొమ్మలు, అదనపు పట్టా ముక్కలు, ఏది దొరికితే అది కట్టుకుంటారు. 1944లో నార్మండీలో పక్కలకి రేకులు తగిలించిన జర్మన్ల పాంజర్-4ని చూసి వాళ్ల టైగర్ ట్యాంకు అని బ్రిటిష్, అమెరికన్ సైనికులు ఎన్నోసార్లు పొరబడ్డారు. పాంజర్-4కి చిన్న చక్రాలు ఎనిమిది వరసగా ఉంటాయి, టైగర్‌కి పెద్ద చక్రాలు ఒకదాన్నొకటి కప్పుకుంటూ ఉంటాయి. ప్రాణభయంలో ఉన్నవాళ్లు లెక్కపెట్టలేదంటే తప్పుపట్టలేం. నీకు ఆ భయం లేదు, తీరిక ఉంది.

మా కాలనీలో ఒకావిడ ఉండేది, నెల్లూరు వైపు మనిషి. వాళ్లాయన 1971 యుద్ధంలో టీ-55 మీద గన్నర్. యుద్ధం నుంచి క్షేమంగా వచ్చాడు, తర్వాత జబ్బుచేసి పోయాడు. కొన్నేళ్లకి ఒక స్మారక సంచికలో ఆయన ఫొటో పడింది. ట్యాంకు బ్యారెల్ మీద చెయ్యేసి నేల మీద నిలబడి ఉన్నాడు. కింద ‘మన సేనకు చిక్కిన శత్రు ట్యాంకు’ అని వేశారు. ఆవిడ ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. “అక్కా, ఇన్నేళ్లూ మా బండి, మా బండి అని ఈ ఫొటోనే చూపించాడు. అది వాళ్ల బండా?” అని అడిగింది.

ఆ మాట రాసినవాడికి ట్యాంకులు తెలియక కాదు. ఐదు చక్రాలు, మొదటిదాని వెనక ఎడం, బోర్లించిన మూకుడులాంటి టరెట్, అంటే గన్ను బిగించిన తిరిగే పైభాగం, చూశాడు, టైప్ 59 అనుకున్నాడు. టైప్ 59 అంటే టీ-54ఏ నమూనాతో చైనావాళ్లు చేసిందే. పాకిస్తాన్ దగ్గర అవుండేవి, మన దగ్గర టీ-54, టీ-55లు. దుమ్ములో దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. గుండు పేలాక పొగ టరెట్‌లోకి రాకుండా లాగే ఉబ్బు రెంటికీ బ్యారెల్ కొసనే ఉంటుంది. అందుకని 1971లో మనవాళ్లు బ్యారెల్ నడిమిన ఒక ఉత్తుత్తి ఉబ్బు తొడిగారు, మనవాళ్ల మీద మనవాళ్లే కాల్చుకోకుండా. వాళ్లాయన చెయ్యి సరిగ్గా ఆ ఉబ్బు మీదే ఉంది. భూతద్దం పెట్టి ఆవిడకి చూపించాను. మనవాణ్ణి మనవాడే శత్రువనుకోకూడదని పెట్టిన గుర్తది. యుద్ధంలో అందరూ చూసిందాన్ని, బల్ల దగ్గర కూర్చున్న మనిషి చూడకుండా దాటేశాడు.

బొమ్మ గీసి ఆ సంచికవాళ్లకి ఉత్తరం రాశాను. తర్వాతిదాంట్లో ఒక మూల రెండు లైన్ల సవరణ వేశారు. అది ఎవరు చదివారో నాకు తెలీదు. ఆవిడ మాత్రం తన పుస్తకంలో ఆ అక్షరాల మీద తెల్లకాగితం అంటించి ‘మా బండి’ అని రాసుకుంది.

అందుకే చెబుతున్నా. ఇది ఏ బండి, ఇది ఎవరి బండి అన్నవి వేరు వేరు ప్రశ్నలు. 1965లో షెర్మన్లు సరిహద్దుకి రెండు వైపులా ఉన్నాయి. ఇవాళ ఉక్రెయిన్‌లో టీ-72లు రెండు సైన్యాల దగ్గరా ఉన్నాయి. మొదటిదానికే జవాబు దొరికితే ‘టీ-54 వంశపు ట్యాంకు, ఎవరిదో తేలలేదు’ అని రాసి ఊరుకో. మీ ఆఫీసులో విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకో భయం కూడా ఉంది నాకు. టరెట్ ఎగిరి పక్కన పడ్డ టీ-72 ఫొటోలు నీ దగ్గరికి చాలా వస్తాయి. ఆ బండిలో గుండ్లు సిబ్బంది కాళ్ల కిందే గుండ్రంగా పేర్చి ఉంటాయి, అంటుకుంటే అంతే. అందులో ముగ్గురు కూర్చుంటారు నాన్నా. చక్రాలు లెక్కపెడుతూ ఆ సంగతి మర్చిపోకు, అలాగని రాత్రంతా అవే చూస్తూ కూర్చోకు. అన్నం తినేటప్పుడు ఆ స్క్రీను మూసెయ్యి. నువ్వు సరిగా తినవని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది.

సందేహం ఉన్నవి ఫోన్లో పంపితే నా కళ్లకి ఆనవు. పెద్దగా ప్రింటు తీయించి ఆదివారం పట్టుకురా. సెంట్రల్లో తిరువళ్లూరు లోకల్ ఎక్కితే ఆవడిలో దిగుతావు. దారిలో ఫ్యాక్టరీ వైపు ఫోనెత్తి ఫొటోలు తియ్యకు. అక్కడ తియ్యకూడదు, పట్టుకుంటే నేను వచ్చి మాట్లాడినా వదలరు.

మీ అత్త
ఆవడి, చెన్నై